ఈజిప్టు దేవుళ్ళ కథలు చదివేవాళ్ళ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన ఈజిప్టు దేవుళ్ళు పాత్రలుగా వచ్చే నవలలు, కామిక్స్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంట్లో పిల్లలు, స్నేహితులు, ఆఫీసులో పక్క సీటు వాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పాను. కొన్నిటి దగ్గర ఆగలేకపోయాను.

నాకు ఈజిప్టు పురాణాల గురించి ఏమీ తెలీదు. నేరుగా నవల మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఒక్క కుటుంబం సంగతి తెలిస్తే సగం నవలలు అర్థమవుతాయి. నేల దేవుడు గెబ్, ఆకాశ దేవత నూత్. మనకు భూమి తల్లి, వాళ్ళకు తండ్రి. ఈ చిన్న తేడా గుర్తుంచుకోండి, వాళ్ళ బొమ్మలు చూసినప్పుడు పనికొస్తుంది. కింద పడుకుని ఉన్నవాడు గెబ్, అతని పైన విల్లులా వంగి నక్షత్రాలు ఒంటినిండా ఉన్న ఆమె నూత్. వాళ్ళ పిల్లలు ఒసిరిస్, ఐసిస్, సేత్, నెఫ్తిస్.

ఒసిరిస్ రాజు. అతని చెల్లెలు ఐసిస్ అతనికి భార్య కూడా. తమ్ముడు సేత్ ఓర్వలేక ఒసిరిస్‌ను చంపేస్తాడు. ఐసిస్ శవాన్ని వెతికి తెచ్చి, మంత్రబలంతో ప్రాణం పోసి, కొడుకును కంటుంది. ఆ కొడుకే డేగ తల హోరస్. నైలు నది డెల్టాలో తుంగ పొదల మధ్య, సేత్ కంట పడకుండా పిల్లాణ్ణి పెంచుతుంది. హోరస్ పెద్దవాడై బాబాయితో తలపడి తండ్రి సింహాసనం దక్కించుకుంటాడు. ఒసిరిస్ చనిపోయినవాళ్ళ లోకానికి రాజవుతాడు. ఇంత తెలిస్తే చాలు, మిగతాది నవలే చెప్తుంది.

మన రామాయణంలాగా వాళ్ళకు ఒక మూలగ్రంథం ఉందా? అసలు కథ ఎక్కడ చదవాలి?

లేదు. ఈ కథల్లో నన్ను కట్టిపడేసిన విషయం కూడా అదే.

ఒసిరిస్ కథను మొదటి నుంచి చివరి దాకా వరసగా చెప్పిన ప్రాచీన ఈజిప్టు రచన ఒక్కటీ దొరకలేదు. సఖారాలో ఊనస్ అనే రాజు పిరమిడ్ లోపలి గోడల మీద, క్రీ.పూ. 2350 ప్రాంతంలో చెక్కిన మంత్రాలున్నాయి. వాటిలో ఒసిరిస్ పేరు, సేత్ పేరు, ఐసిస్ ఏడుపు అన్నీ వస్తాయి. కానీ అవి చనిపోయిన రాజు కోసం చదివే మంత్రాలు. కథ అందరికీ తెలిసిందే కదా అన్నట్టు ఒక మాట అని ముందుకు పోతాయి. మన పెళ్ళిలో పురోహితుడు చదివే మంత్రాల్లోంచి శివపార్వతుల కథ మొత్తం ఏరుకోవాలంటే ఎలా ఉంటుందో ఊహించండి, అలా ఉంటుంది.

వరసగా ఉన్న కథ మనకు దొరికేది ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత దగ్గర. ఆయన రాసింది పిరమిడ్ మంత్రాలు చెక్కిన రెండు వేల ఏళ్ళ పైచిలుకు తర్వాత. విందులో సేత్ అందమైన పెట్టె తెచ్చి, అందులో సరిగ్గా పట్టినవాళ్ళకే ఇస్తానని ఆశ పెట్టి, ఒసిరిస్ పడుకోగానే మూత బిగించే ఘట్టం మీరు ఏదో ఒక నవలలో చదివే ఉంటారు. అది ఆయన చెప్పిందే.

కాబట్టి ఈజిప్టు దేవుళ్ళ మీద నవల రాసే ప్రతి ఒక్కరూ ఖాళీలు పూరించక తప్పదు. ఐసిస్ ఊరూరా వెతుకుతున్నప్పుడు ఆమెతో ఎవరున్నారు? అక్క వైపు వచ్చేసిన నెఫ్తిస్, మొగుడు సేత్‌కు ఏం చెప్పుకుంది? పాత రాతలు చాలాసార్లు మౌనంగా ఉంటాయి. ఆ మౌనంలోకి ఏ రచయిత ఏం తెచ్చి పెట్టాడో చూడటం నాకు చాలా ఇష్టం.

ఒక నవలలో హోరస్ సేత్‌కు తమ్ముడు, ఇంకోదాంట్లో అన్న కొడుకు. ఏది కరెక్ట్?

రెండూ. పాత రాతల్లోనే రెండు రకాలుగానూ ఉంది. నక్క తల దేవుడు అనూబిస్ ఒసిరిస్‌కూ నెఫ్తిస్‌కూ పుట్టాడన్నది ప్లూటార్క్ మాట, అంతకు ముందు రాతల్లో వేరే తల్లిదండ్రులు కనిపిస్తారు. ఊరికో గుడి, గుడికో కథ. మెంఫిస్ వాళ్ళకు సృష్టికర్త ప్తాహ్. ఎస్నా వాళ్ళకు కుమ్మరి సారె మీద మనుషుల్ని చేసే పొట్టేలు తల ఖ్నూమ్. ఒక ఊరి వాళ్ళు రెండో ఊరి కథను అబద్ధమన్నట్టు కనిపించదు, పక్కపక్కనే ఉండనిచ్చారు. స్థలపురాణాలు విని పెరిగిన మనకు ఇది వింతగా అనిపించక్కర్లేదు.

సేత్ నిజంగా విలనేనా?

నవలల్లో, సినిమాల్లో ఎక్కువగా విలనే. కానీ ఈ ఒక్క పాత్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

సూర్యుడు రా ప్రతి రాత్రీ పడవెక్కి పాతాళం గుండా పన్నెండు గంటల ప్రయాణం చేస్తాడు. దారిలో అపోఫిస్ అనే మహాసర్పం అడ్డుపడుతుంది. అది గెలిస్తే మర్నాడు తెల్లవారదు. ఆ పడవ ముందు భాగంలో నిలబడి, బల్లెంతో పామును పొడిచేది ఎవరనుకున్నారు? సేత్. అన్నను చంపినవాడే రోజూ లోకాన్ని కాపాడుతున్నాడు. ఎడారి, తుఫాను, పరాయి దేశాలు అతని కిందకొస్తాయి. అలాంటి బలం ఇంటి లోపల ప్రమాదం, సరిహద్దులో అవసరం.

ఇద్దరు ముగ్గురు రాజులు అతని పేరే పెట్టుకున్నారు. సేతి అంటే సేత్‌కు చెందినవాడని అర్థం. మొదటి సేతి, క్రీ.పూ. 13వ శతాబ్దం ఆరంభంలో, అబైడోస్‌లో గొప్ప గుడి కట్టించాడు. అబైడోస్ ఒసిరిస్ ఊరు. హంతకుడి పేరున్న రాజు, హతుడి ఊళ్ళో గుడి కట్టించాడన్నమాట. ఆ గోడల మీద తన పేరు రాయించేటప్పుడు సేత్ బొమ్మ రాకుండా జాగ్రత్త పడ్డాడు. ఆ జాగ్రత్త తల్చుకుంటే ఆ రాజు నాకు పక్కింటి మనిషిలా అనిపిస్తాడు.

సేత్ పూర్తిగా చెడ్డవాడైంది ఆ తర్వాతి కాలంలో. అస్సీరియన్లు, పర్షియన్లు వచ్చి ఈజిప్టును ఆక్రమించాక, పరాయి దేశాల దేవుడిని ఎవరూ ఇష్టపడలేదు. మీరు చదివే నవలలో సేత్ వట్టి దుర్మార్గుడిగా ఉంటే, రచయిత చివరి కాలపు సేత్‌ను తీసుకున్నాడని అర్థం. రెండు ముఖాలూ ఉంచిన నవల దొరికితే వదలొద్దు.

అనూబిస్ అంత భయంకరుడా?

కాదు. అతను శవాన్ని జాగ్రత్తగా సిద్ధం చేసేవాడు, చనిపోయినవాళ్ళకు చెయ్యిపట్టి దారి చూపేవాడు. ఎడారి అంచున నక్కలు శ్మశానాల చుట్టూ తిరిగేవి. సమాధుల్ని తవ్వే జంతువునే వాటికి కాపలా పెట్టారు. సినిమాల్లో అతను సైన్యం వేసుకుని ఊళ్ళ మీద పడితే నాకు ఎప్పుడూ బాధే.

దేవుళ్ళను కామెడీగా చూపిస్తే తప్పు కాదా?

వాళ్ళే చూపించారు. హోరస్, సేత్ సింహాసనం కోసం దేవతల కోర్టుకెక్కిన కథ ఒక పపైరస్ (తుంగతో చేసిన కాగితం) చుట్ట మీద మొత్తం దొరికింది. క్రీ.పూ. 12వ శతాబ్దం నాటిది. కేసు ఎనభై ఏళ్ళు నడుస్తుంది. జడ్జీగా కూర్చున్న సూర్యుడు ఒకరేదో అన్నారని అలిగి వెల్లకిలా పడుకుంటాడు. కూతురు హాథోర్ వచ్చి నవ్విస్తే గానీ లేవడు.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఐసిస్ ఆడే నాటకం. ఆమెను రానివ్వకూడదని దేవతలంతా ఒక ద్వీపానికి వెళ్ళి విచారణ పెట్టుకుంటారు. ఐసిస్ ముసలమ్మ వేషంలో పడవవాడికి బంగారు ఉంగరం లంచమిచ్చి దాటేస్తుంది. అక్కడ అందగత్తెగా మారి సేత్ కంట పడుతుంది. "నా భర్త పశువుల కాపరి, చనిపోయాడు. నా కొడుకు పశువుల్ని చూసుకుంటుంటే, ఎవడో పరాయివాడు వచ్చి కొట్టి లాక్కుంటానంటున్నాడు" అని ఏడుస్తుంది. కొడుకు బతికుండగా పరాయివాడికి ఇస్తారా అని సేత్ మండిపడతాడు. ఐసిస్ వెంటనే గద్దై చెట్టెక్కి, నీ నోటితోనే తీర్పు చెప్పావు పో అంటుంది. వాళ్ళ భాషలో పశువులు అనే మాట, పదవి అనే మాట ఒకేలా వినిపిస్తాయి. శ్లేషతో కేసు గెలిచిందన్నమాట. అవధానాలు విని పెరిగినవాళ్ళు ఆ శ్లేషకు చప్పట్లు కొట్టకుండా ఉండలేరు.

తర్వాత రాతి పడవల పందెం ఉంటుంది. హోరస్ కొయ్య పడవకు సున్నం పూసి రాయిలా కనిపించేలా చేస్తాడు. సేత్ నిజంగానే కొండ శిఖరం నరికి పడవ చేస్తాడు. ఏమైందో చెప్పక్కర్లేదు.

పిల్లలకు ఇవ్వొచ్చా?

పిల్లల కోసమని రాసినవి నిశ్చింతగా ఇవ్వండి. పాత కథల అనువాదాలు మాత్రం ముందు మీరు చదవండి. ఇప్పుడు చెప్పిన కోర్టు కథలోనే పిల్లలకు చెప్పలేని ఘట్టాలున్నాయి. అన్నాచెల్లెళ్ళ పెళ్ళి గురించి కూడా అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

మా ఇంట్లో పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నది సెఖ్మెత్ కథ. రా ముసలివాడయ్యాడని మనుషులు కుట్ర పన్నుతారు. ఆయన కోపంతో తన కన్నును దేవతగా పంపుతాడు. ఆమె సింహం ముఖం సెఖ్మెత్‌గా మారి మనుషుల్ని చంపడం మొదలుపెట్టి, రక్తం రుచి మరిగి, ఆపమన్నా ఆపదు. రా జాలిపడి ఏడు వేల కుండల బీరు కాయించి, ఎర్రమన్ను కలిపి, రాత్రికి రాత్రే పొలాల్లో పోయిస్తాడు. తెల్లారి ఆమె అది రక్తమనుకుని కడుపు నిండా తాగి, వచ్చిన పని మర్చిపోయి, హాయిగా ఇంటికి వెళ్ళిపోతుంది. ఈ కథ టుటన్‌ఖామున్ అనే రాజు సమాధిలో దొరికిన బంగారు రేకుల మందసం మీద కూడా రాసి ఉంది. బీరు మాట ఇబ్బందైతే కల్లు అనండి. మా అమ్మ అలాగే చెప్పింది.

చనిపోయాక గుండెను తూచే సీను ప్రతి నవల్లోనూ ఉంటుంది. మన చిత్రగుప్తుడి లెక్కలాంటిదేనా?

దగ్గరగా ఉంటుంది గానీ ఒక తేడా ఉంది. త్రాసులో ఒకవైపు మనిషి గుండె, రెండోవైపు సత్యానికి, ధర్మానికి గుర్తైన మాఅత్ దేవత ఈక. అది నిప్పుకోడి ఈక. అనూబిస్ త్రాసు చూస్తాడు, వంకర ముక్కు పక్షి తల థోత్ రాసుకుంటాడు. పక్కనే అమ్మిత్ కాచుకుని ఉంటుంది. మొసలి తల, సింహం ముందుకాళ్ళు, నీటిగుర్రం వెనకభాగం. తప్పు చేసినవాడి గుండెను అది మింగేస్తుంది. ఆ తర్వాత నరకం లేదు, ఇంకో జన్మ లేదు. ఆ మనిషే ఉండడు.

చిత్రగుప్తుడి చిట్టా బయట ఎవరో రాసేది. ఇక్కడ సాక్షి మన గుండే. అందుకే శవం ఛాతీ మీద పేడపురుగు ఆకారంలో చెక్కిన రాయి పెట్టి, నా మీద సాక్ష్యం చెప్పకు అని గుండెను బతిమాలే మంత్రం రాసేవాళ్ళు. తన గుండెకే తను భయపడే మనిషి. ఒక్క వాక్యంలో ఇంత పాత్రచిత్రణ నేను చాలా తక్కువ చోట్ల చూశాను.

అక్కడ నలభై రెండు మంది న్యాయాధికారుల ముందు చెప్పుకోవాల్సిన మాటలు కూడా దొరికాయి. ఎవర్నీ ఏడిపించలేదు. తూకంలో మోసం చేయలేదు. పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు. పసిపిల్లల నోటి దగ్గరి పాలు లాక్కోలేదు. కాలువ నీళ్ళ కోసం గొడవలు పడ్డ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఆ మూడో మాట ఎంత పెద్ద తప్పో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ మాటలన్నీ ఉన్న, మనం మృతుల గ్రంథం అని పిలిచే మంత్రాల సంపుటికి వాళ్ళు పెట్టుకున్న పేరు వేరు. పగటి వెలుగులోకి రావడానికి మంత్రాలు అని దాదాపు అర్థం వచ్చే పేరు. ఇప్పటి పేరు 1842లో లెప్సియస్ అనే జర్మన్ పండితుడి వల్ల వాడుకలోకి వచ్చింది.

మమ్మీ శాపం నిజమా?

టుటన్‌ఖామున్ సమాధి మెట్లు 1922 నవంబరు 4న బయటపడ్డాయి. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోయాడు. దోమకాటు మీద గాటు పడి, సెప్టిక్ అయి, న్యుమోనియా వచ్చింది. పేపర్లు శాపం అని రాశాయి. సమాధిని వెతికి పట్టుకుని, పదేళ్ళ పాటు అందులో పనిచేసిన హోవర్డ్ కార్టర్ మాత్రం 1939 దాకా బతికాడు. పగబట్టిన మమ్మీల కథలు ఇంగ్లీషులో 19వ శతాబ్దంలోనే ఉన్నాయి. అందుకే జనం అంత తేలిగ్గా నమ్మారు.

ఇంకా పాత కాలపు సమాధుల మీద బెదిరింపులు కొన్నిచోట్ల ఉన్న మాట నిజం. దీనికి హాని చేసినవాడికి నీళ్ళలో మొసలి, నేల మీద పాము ఎదురవుగాక అని.

మమ్మీని కళ్ళారా చూడాలంటే ఈజిప్టు దాకా వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నిజాం కాలంలో కొని తెచ్చిన మమ్మీ ఉంది. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే మేమంతా భయంతో అరుద్దామని సిద్ధపడి వెళ్ళాం. అద్దం వెనక అంత చిన్న మనిషి కనిపించేసరికి ఎవరికీ నోరు రాలేదు.

ఐసిస్ అని ఉన్న పుస్తకం బయట చదవాలంటే ఇబ్బందిగా ఉంది.

అర్థం చేసుకోగలను. వార్తల్లో వినే ఆ తీవ్రవాద సంస్థ పేరు ఇంగ్లీషు పొడి అక్షరాలతో వచ్చింది. దేవతకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఐసిస్ కూడా గ్రీకుల నోట పడి మారిన పేరే. ఈజిప్టు వాళ్ళు దాదాపు అసెత్ అనేవాళ్ళు. వాళ్ళ లిపిలో అచ్చులు రాసేవాళ్ళు కాదు కాబట్టి ఉచ్చారణలన్నీ పండితుల అంచనాలే. తెలుగులో సేత్ అని రాసినా సెట్ అని రాసినా గొడవ లేదు.

నవలలయ్యాక పాత కథల్లో మొదట ఏది చదవాలి?

ఇద్దరు అన్నదమ్ముల కథ. తెలుగువాళ్ళకైతే ఇదే చెప్తాను. సుమారు క్రీ.పూ. 1200 నాటి పపైరస్, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అన్న పేరు అన్పు, తమ్ముడు బాటా. అన్న భార్య తమ్ముడి మీద మనసుపడి, అతను కాదంటే, తనను పాడుచేయబోయాడని మొగుడికి చాడీ చెప్తుంది. ఇక్కడిదాకా వింటే మన సారంగధరుడు గుర్తొస్తాడు. తమ్ముడు ఇల్లు విడిచి దూరదేశం పోయి, తన గుండె తీసి ఒక చెట్టు చివరి పువ్వు మీద పెడతాడు. చెట్టు నరికితే అతను చస్తాడు. ఇప్పుడు బాలనాగమ్మ కథలో చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు గుర్తురాకపోతే చూడండి. చెట్టు నరికాక అన్న ఏళ్ళ తరబడి ఆ గుండె కోసం వెతికి, దాన్ని నీళ్ళలో వేసి తమ్ముణ్ణి బతికిస్తాడు. ఆ కథ ఇక్కడికి నడిచొచ్చిందని నేననను. కానీ మూడు వేల రెండొందల ఏళ్ళ నాటి కాగితం మీద మా అమ్మమ్మ చెప్పిన కథ వాసన తగిలితే ఒళ్ళు జలదరించింది.

తర్వాత ఓడ మునిగిన నావికుడి కథ చదవండి. ద్వీపంలో ఒక్కడే మిగిలినవాడికి ముప్పై మూరల బంగారు పాము ఎదురై, చంపకుండా, తన పిల్లలంతా నక్షత్రం పడి కాలిపోయిన సంగతి చెప్పుకుంటుంది. చాలా చిన్నది, ఒక్క టీ తాగే టైములో అయిపోతుంది.

ఈజిప్టు వాళ్ళు కూడా ఇలాంటివి రాస్తారా?

రాస్తారు. 1988లో నోబెల్ సాహిత్య బహుమతి అందుకున్న నగీబ్ మహ్‌ఫూజ్ మొదటి మూడు నవలలూ ఫరోల (పాత ఈజిప్టు రాజుల) కాలం మీద రాసినవే. ఇంగ్లీషులో దొరుకుతాయి.

నాకూ ఇలాంటి కథ తెలుగులో రాయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్ద దేవుళ్ళను కాసేపు పక్కనపెట్టండి. బెస్ అనే పొట్టి దేవుడున్నాడు, నాలుక బయటపెట్టి, పురిటి గదిలో తల్లినీ బిడ్డనూ కాపాడతాడు. తవెరెత్ అనే గర్భిణి నీటిగుర్రం దేవత ఉంది. వీళ్ళు ఇళ్ళలో ఉండేవాళ్ళు.

మనుషులు కావాలంటే దెయిర్ ఎల్ మెదీనా చూడండి. రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ళ ఊరు అది. రెండో రామ్సెస్ కాలంలో ఎవరెవరు ఎందుకు పనికి రాలేదో రాసుకున్న రాయి దొరికింది. ఒకడికి తేలు కుట్టింది, ఒకడు బీరు కాచుకుంటున్నాడు, ఒకడు తల్లి శవాన్ని సిద్ధం చేస్తున్నాడు. మూడో రామ్సెస్ కాలంలో ధాన్యం కూలి అందక వాళ్ళు పని ఆపి కూర్చున్నారు. తేలు కుట్టినవాడి ఇంటికి ఆ రాత్రి ఐసిస్ వస్తే? ఆమె తేళ్ళ విషం దింపే దేవత కూడా.

ఒంటెల మీద మాత్రం ఎక్కించకండి, ఆ కాలంలో వాడకం లేదు. గాడిదలు చాలు.

ఈ దేవుళ్ళను చివరిసారి ఎప్పుడు కొలిచారు?

తేదీతో సహా దొరికిన చివరి చిత్రలిపి రాత ఫిలే ద్వీపంలోని ఐసిస్ గుడిలో ఉంది. క్రీ.శ. 394 ఆగస్టు 24. అప్పటికి రోమన్ చక్రవర్తులు పాత గుళ్ళను మూయించే ఆజ్ఞలిచ్చేశారు. నెస్మెతెరాఖెమ్ అనే ఐసిస్ పూజారి, ఒసిరిస్ పుట్టినరోజున, ఒక దేవుడి బొమ్మ పక్కన తన పేరు, తండ్రి పేరు చెక్కి, ఎల్లకాలం నిలిచేలా అని రాశాడు. ఆ తర్వాత ఆ లిపి చదివేవాళ్ళు లేకుండా పోయారు. 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు మళ్ళీ చదివాడు. ఆస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోకుండా 1970లలో ఆ గుడిని రాయి రాయిగా విప్పి పక్క ద్వీపంలో మళ్ళీ కట్టారు. పూజారి చెక్కిన ఆ పేరు ఇప్పటికీ గోడ మీద ఉంది.